గెజెట్‌కు తెలిసింది, చాటింపుకు తెలియలేదు

ప్రశ్న: సార్, మా ఊరు పరకాల దగ్గర. నేను ఉద్యోగరీత్యా హనుమకొండలో ఉంటున్నాను. మా బాపు 1967 నుంచి ఒక్క ఓటు కూడా తప్పించలేదు. 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికల నాటికి ఆయనకు 82 ఏళ్లు. అధికారులు ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు. ఊరంతా చెప్పుకుని సంబరపడ్డాడు. 2024 మేలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఈసారీ వస్తారని ఉతికిన ధోవతి కట్టుకుని నాలుగు రోజులు అరుగు మీద కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. అడిగితే, ఇప్పుడు 85 దాటితేనే అన్నారట. పోలింగ్ జరిగే బడి ఊరికి ఆ కొసన ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆ ఎండలో పోలేకపోయాడు. మొన్న డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలకు ఆటో తెస్తామన్నా కదలలేదు. "వాళ్లకు తోచినప్పుడు ఇస్తారు, తోచనప్పుడు తీసుకుంటారు. దాన్ని హక్కు అంటారా?" అన్నాడు. మా అన్న కొడుకేమో ఓటు యంత్రాల మీద, సీసీ కెమెరాల మీద రోజుకొక వీడియో చూపిస్తాడు. సాయంత్రం 5 తర్వాత ఓట్లు ఎలా పెరిగాయో చెప్పమంటాడు. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నాకే నమ్మకం సడలుతోంది. నియమాలు ఇలా మారుస్తూ పోతే ఓటును నమ్మడం ఎలా? బాపుకు ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ బాపు కోపం న్యాయమైనది. దాన్ని చల్లార్చాలని చూడకండి. "పోనీలే బాపూ, పెద్ద వయసు కదా" అని అసలే అనకండి. ఆయన అడిగింది పెద్ద ప్రశ్న. నాలుగు రోజులు అరుగు మీద ఎదురుచూసిన మనిషికి జవాబు ఇవ్వవలసిన బాధ్యత ఈ వ్యవస్థకు ఉంది. అది ఇవ్వలేదు కాబట్టి నాకు తెలిసినంత నేను చెబుతాను.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 80 ఏళ్లు దాటినవారు ఇంటి నుంచే ఓటు వేయవచ్చని 2019లో నియమం తెచ్చారు. మీ బాపు 2023లో ఓటు వేసింది దాని ప్రకారమే. 2024 మార్చి 1న ఆ 80ని 85 చేశారు. రెండు వారాలకే, మార్చి 16న, లోక్‌సభ ఎన్నికల తేదీలు ప్రకటించారు. మన రాష్ట్రంలో పోలింగ్ మే 13న జరిగింది. అంటే నవంబరులో ఇచ్చిన సదుపాయం ఆరు నెలలు తిరగకుండానే 80కీ 85కీ మధ్య ఉన్నవారందరికీ పోయింది. ఆ వయసువారిలో చాలామంది బూత్‌కే వస్తున్నారనీ, ఇంటి ఓటు కోరేవారు కొద్దిమందేననీ అప్పట్లో కారణం చెప్పారు. ఒక్కో ఓటు కోసం ఒక బృందం, ఒక వీడియో కెమెరా, ఒక పోలీసు ఊరూరా తిరగాలి. ఆ భారం నిజమైనదే, కాదనను. కానీ ఆ కొద్దిమందిలో మీ బాపు ఉన్నాడు. ఒకసారి ఓటు వేయించుకుని వెళ్లినవారి దగ్గర ఆయన పేరు, ఇంటి నంబరు, సంతకం అన్నీ ఉన్నాయి. "తాతా, నియమం మారింది, ఈసారి మేము రాము, బండి ఏర్పాటు చేస్తాం" అని చెప్పడానికి ఒక్క మనిషి ఒక్క పూట వస్తే సరిపోయేది.

మన ఊళ్లలో ఇప్పటికీ పెద్ద సంగతి ఏదైనా ఉంటే చాటింపు వేస్తారు కదా. పశువులకు టీకాలు వేస్తున్నా, నల్లా నీళ్లు రెండు రోజులు బంద్ అయినా, గ్రామసభ ఉన్నా డప్పు మోగుతుంది. ఇంటి ఓటు వయసు మారిన సంగతి ఢిల్లీలో గెజెట్‌లో అచ్చయింది. మీ ఊరి చాటింపులో వినబడలేదు. నా దృష్టిలో మీ బాపు నమ్మకం పోయింది ఈ రెండింటి మధ్యనే. వయసు 80 ఉండాలా 85 ఉండాలా అన్నది వాదించుకోదగిన విషయం. చెప్పకుండా మార్చడం మాత్రం వాదనకు నిలవదు.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకుంటే మీకూ, మీ అన్న కొడుకుకూ పనికొస్తుంది. ఎన్నికల కట్టుబాట్లన్నీ ఒకే చోట పుట్టవు. పార్లమెంటు చేసే చట్టం ఒకటి. దాని కింద కేంద్ర ప్రభుత్వం ఎన్నికల సంఘాన్ని సంప్రదించి చేసే నియమాలు వేరు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు ఆ కోవలోవి. వాటి కింద సంఘం తనంతట తాను రాసే ఆదేశ లేఖలు మరో రకం. చట్టం మారాలంటే బిల్లు రావాలి, సభలో నలుగురూ మాట్లాడాలి, పత్రికల్లో పడాలి. నియమం మారడానికి నోటిఫికేషన్ చాలు. తర్వాత దాన్ని సభ ముందు ఉంచుతారు కానీ అప్పటికి అది అమలులోకి వచ్చేసి ఉంటుంది. ఇక లేఖకు ఆ మాత్రం ఆర్భాటం కూడా ఉండదు. జనం నమ్మకాన్ని కదిలించిన ఇటీవలి మార్పులు ఎక్కువగా వీటిలో దిగువ రెండు మెట్ల మీద, అంటే నియమాల్లోనూ లేఖల్లోనూ, జరిగినవే. సర్పంచ్ ఎన్నికల సంగతి మళ్లీ వేరు. వాటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. మీ బాపు ఒకరి మీద కోపంతో ఇంకొకరు పెట్టిన ఎన్నికకు దూరంగా ఉన్నాడు. ఈ మాట ఆయనకు చెప్పండి, కానీ తప్పు పట్టినట్టు చెప్పకండి.

నేను బడిపంతులుగా 34 ఏళ్లు పనిచేశాను. ఎన్నికల విధులకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టుకోలేదు. నా మొదటి విధుల నాటికి ఇనుప పెట్టెలు, లక్క, దారం, స్వస్తిక్ ముద్ర. ముద్ర తడి ఎదుటి గుర్తు మీద పడకుండా కాగితం ఎలా మడవాలో ఒక్కొక్క ముసలమ్మకు చేత్తో చూపించేవాళ్లం. ఆ రోజుల్లో లెక్కింపులో ఒక పద్ధతి ఉండేది. పెట్టెలు తెరిచి, ఎన్ని కాగితాలు ఉన్నాయో చూసుకుని, వేర్వేరు బూత్‌ల కాగితాలను ఒక పెద్ద డ్రమ్ములో కలిపేసేవారు. ఆ తర్వాతే ఎవరికెన్ని అని లెక్క. ఏ ఊరు ఎవరికి వేసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలిసేది కాదు. యంత్రాలు వచ్చాక ఆ కలపడం పోయింది. ఒక్కో యంత్రాన్ని విడిగా లెక్కిస్తారు. బూత్‌ల వారీ పట్టిక బయటికి వస్తుంది. ఒకే బూత్ ఉన్న చిన్న పల్లెలో నాయకుడికి తెల్లారేసరికి తెలిసిపోతుంది, తనకు ఎన్ని పడ్డాయో, ఎన్ని పడలేదో. "మీ వాడ నాకు వేయలేదు, మీకు రోడ్డు ఎందుకు?" అన్న మాట నేను చెవులారా విన్నాను.

దీనికి మందు లేకపోలేదు. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి ఒకే మొత్తంగా చూపించే టోటలైజర్ అనే పరికరాన్ని 2008లోనే ఎన్నికల సంఘం ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు. యంత్రాన్ని ఎవరో దూరం నుంచి తిప్పేస్తారన్న వీడియోలు లక్షల మంది చూస్తారు. పల్లెలో ఓటు రహస్యం పలచబడిందన్న ఈ సంగతిని ఎవరూ వీడియో తీయరు. నాకు ఇది ఎప్పుడూ మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

నియమం మారడమే తప్పని మాత్రం అనుకోకండి. మీ బాపు తొలి ఓటు నాడు ఓటు వయసు 21. దాన్ని 18 చేసిన సవరణ 1989లో అమలులోకి వచ్చింది. దాని వల్ల ఎవరి నమ్మకం తగ్గింది? 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. అదే ఏడాది నియమాలు సవరించి వీవీప్యాట్ తెచ్చారు. మనం నొక్కిన గుర్తు అద్దం వెనుక కాగితం మీద ఏడు సెకన్లు కనబడి, తెగి పెట్టెలో పడుతుంది. ఇవన్నీ మార్పులే. ఇంకా వెనక్కి వెళితే, దేశంలో తొలిసారి ఓటు యంత్రాన్ని 1982లో కేరళలోని పరవూరులో కొన్ని బూత్‌లలో వాడారు. చట్టంలో చోటు లేకుండా యంత్రం వాడటం చెల్లదని సుప్రీంకోర్టు 1984లో కొట్టేసింది. అక్కడ మళ్లీ కాగితం మీద పోలింగ్ పెట్టారు. చట్టంలో ఆ చోటు కల్పించింది 1989లో. యంత్రం బాగా పనిచేసిందా లేదా అని కోర్టు చూడలేదు. చెప్పి చేశారా, అడిగి చేశారా అని చూసింది. మీ బాపు అడుగుతున్నదీ అదే.

అందుకని ఏ మార్పు వచ్చినా నేను ఒక్కటే చూస్తాను: దీని వల్ల మామూలు మనిషి తన కళ్లతో చూడగలిగింది పెరిగిందా, తగ్గిందా? వీవీప్యాట్ వల్ల పెరిగింది. అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు బూత్‌ల చీటీలను యంత్రం లెక్కతో పోల్చి చూడాలని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, దానితో ఇంకాస్త పెరిగింది. అన్ని చీటీలూ లెక్కించాలన్న కోరికను 2024 ఏప్రిల్‌లో అదే కోర్టు తోసిపుచ్చింది. అయితే రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు అడిగితే సెగ్మెంటులో ఐదు శాతం యంత్రాల మెమరీని ఇంజనీర్లతో పరీక్ష చేయించవచ్చని ఒక కిటికీ తెరిచింది. ఇది నాకు పూర్తి తృప్తి ఇవ్వలేదు కానీ, మూసిన కిటికీ కంటే మేలు.

మీ అన్న కొడుకు సీసీ కెమెరాల మాట ఎత్తాడన్నారు. అందులో ఆ అబ్బాయి ఆందోళనకు కారణం ఉంది. 2024 డిసెంబరులో హర్యానాలోని ఎన్నికల వీడియోలు, పత్రాలు ఇవ్వాలని పంజాబ్-హర్యానా హైకోర్టు ఆదేశించింది. ఆ నెల 20నే ఎన్నికల నిర్వహణ నియమాల్లోని నియమం 93 మారింది. ప్రజలు చూడగల 'పత్రాలు' అంటే నియమాల్లో పేర్కొన్న పత్రాలు మాత్రమే అయ్యాయి. వీడియోలు ఆ గీత బయట పడ్డాయి. 2025 మే నెలాఖరులో ఇంకో లేఖ వచ్చింది: ఫలితం వెలువడ్డాక 45 రోజుల్లో ఎవరూ కోర్టుకు పోకపోతే ఆ వీడియోలు ఉంచనక్కరలేదు. అంతకు ముందు ఆ గడువు దశను బట్టి మూడు నెలల నుంచి ఏడాది దాకా ఉండేది. ఓటర్ల ముఖాలు బయటపడితే వారిని బెదిరిస్తారనీ, ముక్కలు కోసి తప్పుడు ప్రచారం చేస్తారనీ సంఘం చెప్పింది. ఆ భయం ఊహ కాదు, పల్లెలో పుట్టిన నాకు తెలుసు. అయినా ఈ మార్పు తప్పని నా గట్టి అభిప్రాయం. ఎన్నికల పిటిషన్ వేయడానికి గడువు 45 రోజులే. పిటిషన్ వేయాలంటే ఆధారం కావాలి. ఆధారం చూడాలంటే ముందు పిటిషన్ వేయాలి. తాళం చెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టుంది. ఓటర్ల ముఖాలు కప్పే సాంకేతికత ఈ రోజుల్లో పిల్లల ఫోనుల్లో కూడా ఉంది. కోర్టు ఆదేశం వచ్చిన రోజుల్లోనే మార్చడం అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసింది. ఉద్దేశం ఏదైనా కావచ్చు, చూసేవారికి మాత్రం తలుపు తట్టిన వెంటనే గడియ వేసినట్టు కనబడింది.

ఆ అబ్బాయి అడిగిన ఇంకో ప్రశ్నకు మాత్రం నేను సూటిగా జవాబు చెప్పగలను. సాయంత్రం 5 గంటలకు పోలింగ్ ముగిసిందంటే గేటు మూసినట్టు, ఓటు ఆపినట్టు కాదు. ఆ సమయానికి వరుసలో ఉన్న చివరి మనిషి దగ్గరికి వెళ్లి ఒకటో నంబరు చీటీ ఇచ్చి, అక్కడి నుంచి ముందుకు పంచుకుంటూ వస్తాం. ఆ తర్వాత వచ్చినవారు మధ్యలో చొరబడకుండా అదే కట్టడి. చీటీ ఉన్నవారంతా వేసేదాకా యంత్రం నడుస్తుంది. నేను రాత్రి 7 దాటాక ముగించిన బూత్‌లు ఉన్నాయి. టీవీలో 5 గంటలకు చెప్పేది ఫోనులో అడిగి కూడిన అంచనా. కాబట్టి అంకె పెరగడంలో వింత లేదు. అసలు లెక్క ఫారం 17సిలో ఉంటుంది, దాని గురించి ఒక చిన్న సంఘటన చెప్పాలి.

2019 ఏప్రిల్ 11, నా చివరి విధి. పరకాల వైపు ఒక ప్రాథమిక పాఠశాల. సాయంత్రం ఓటర్లు అయిపోయారు. కంట్రోల్ యూనిట్ మీద ముగింపు బటన్ నొక్కి, మొత్తం బటన్ నొక్కాను. తెర మీద 612 వెలిగింది. పక్కన రిజిస్టరులో చివరి క్రమ సంఖ్య కూడా 612. ఆ అంకె, యంత్రం నంబరు, పేపర్ సీలు నంబర్లు 17సిలో రాసి ప్రతులు తీశాను. ప్రతి పోలింగ్ ఏజెంటుకూ ఒక ప్రతి ఇచ్చి సంతకం తీసుకోవాలి. తలెత్తి చూస్తే బెంచీ మీద ఒక్క కుర్రవాడే ఉన్నాడు. మిగిలినవారంతా అన్నాలకు వెళ్లిపోయారు. అతనూ చెప్పుల కోసం వెతుకుతున్నాడు. "ఈ కాగితం మాకెందుకు సార్?" అన్నాడు. కూర్చోబెట్టి తెర చూపించాను, రిజిస్టరు చూపించాను. "లెక్కింపు రోజు మీ ఊరి యంత్రం బల్ల మీదికి వచ్చినప్పుడు ఈ నంబర్లూ, ఈ 612 అక్కడ ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా లేచి నిలబడి అడిగే అధికారం ఈ కాగితం ఇస్తుంది" అన్నాను. మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. మే 23న ఎనుమాముల మార్కెట్ యార్డులో లెక్కింపు అయ్యాక ఆ అబ్బాయే ఫోను చేశాడు. "సార్, 612 వచ్చింది" అన్నాడు. అతని పార్టీ గెలిచిందో లేదో చెప్పనే లేదు.

మీ అన్న కొడుకును వచ్చే ఎన్నికలో ఏదో ఒక అభ్యర్థి తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చోమనండి. స్వతంత్ర అభ్యర్థి అయినా సరే. పోలింగ్ మొదలయ్యే ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు నమూనాగా వేసి, చీటీలతో పోల్చి, మొత్తం చెరిపి చూపిస్తారు. తెల్లవారుజామునే వెళ్లి అది చూడాలి. సాయంత్రం 17సి తీసుకునేదాకా కదలకూడదు. ఫోనులో వంద వీడియోలు చూసినవాడికి ఆ ఒక్క రోజు చాలా నేర్పుతుంది. అనుమానం మిగిలితే మిగలనివ్వండి, అప్పుడు అది చూసిన మనిషి అనుమానం అవుతుంది.

యంత్రం విషయంలో నాకు పెద్దగా దిగులు లేదమ్మా. నా దిగులంతా జాబితా గురించే. యంత్రంలో మోసం జరిగిందా అని మనం వాదించుకుంటూ ఉంటే, జాబితాలో పేరు పోయినవాడు గేటు దగ్గరి నుంచే తిరిగిపోతాడు. మన రాష్ట్రమే దీనికి సాక్ష్యం. 2015లో ఆధార్‌తో ఓటర్ల జాబితాను సరిచూసే పని పెద్ద ఎత్తున సాగి, సుప్రీంకోర్టు ఆధార్ వాడకానికి హద్దు పెట్టాక ఆగింది. 2018 డిసెంబరు 7న అసెంబ్లీ పోలింగ్ నాడు ఓటరు కార్డు చేతిలో ఉండి జాబితాలో పేరు లేనివారు ఎందరో. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి స్వయంగా క్షమాపణ చెప్పారు. 2015 ఏరివేతల నీడ 2018 దాకా పడిందని చాలామంది అనుకుంటారు, నేనూ వారిలో ఒకడిని. క్షమాపణ చెప్పడం పెద్దమనసే, కానీ ఆ రోజు పోయిన ఓటు తిరిగి రాలేదు.

2025లో బిహార్‌లో జరిగింది చూశారు కదా. జూన్ 24న ఓటర్ల జాబితా సమగ్ర సవరణకు ఆదేశం వచ్చింది, ఆగస్టు 1 ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఎవరి పేరు ఎందుకు పోయిందో కారణాలతో సహా ప్రకటించమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఆధార్‌ను కూడా గుర్తింపుగా తీసుకోమని సెప్టెంబరులో చెప్పింది. చనిపోయినవారి పేర్లు తీసేయాలి, వలస పోయినవారివి సరిచేయాలి, ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ పేరు తీసేసినవాడికి కారణం చెప్పడానికి కోర్టు ఎందుకు కావాలి? మన దగ్గర ఇలాంటి సమగ్ర సవరణ 2025కు ముందు చివరిసారి 2002లో జరిగింది. బిహార్‌లో 2003 జాబితాలో పేరున్నవారికి వేరే పత్రాల బాధ తప్పింది. కాబట్టి మన దగ్గర 2002 జాబితాలో మీ బాపు పేరు, మీ అమ్మ పేరు ఏ బూత్‌లో, ఏ క్రమ సంఖ్య దగ్గర ఉన్నాయో ఇప్పుడే వెతికి ఒక కాగితం మీద రాసి ఉంచండి. నోటీసు ఇవ్వకుండా, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా బతికున్న మనిషి పేరు తీసేయకూడదని నియమం ఉంది. తీసేస్తే కలెక్టరు దగ్గర అప్పీలు చేయవచ్చు.

నియమాల ముందు మన జనం ఎప్పుడూ చేతులు కట్టుకుని నిలబడలేదన్నది కూడా మీ బాపుకు గుర్తు చేయండి. ఆయనకే బాగా తెలిసి ఉంటుంది. 2010 జూలైలో తెలంగాణలో 12 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి, మన వరంగల్ పశ్చిమ స్థానం కూడా అందులో ఒకటి. అప్పటి యంత్రం 64 మంది అభ్యర్థుల దాకానే మోయగలదు. అది తెలుసుకుని ఉద్యమకారులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేశారు. కొన్ని చోట్ల లెక్క 64 దాటి, యంత్రం పక్కకు పోయి, కాగితం, పెట్టె తిరిగి వచ్చాయి. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు దేశానికి వినిపించాలని బరిలో దిగితే మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. అప్పటికి కొత్త రకం యంత్రాలు వచ్చాయి. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పక్కపక్కన పేర్చారు, పోలింగ్ వేళను ఉదయం 8 గంటలకు జరిపారు. రైతులు నియమాన్ని తిట్టలేదు, వదిలి పోలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని తమకు కావలసిన పని చేయించుకున్నారు. వ్యవస్థ కూడా ఆ రోజు వారి కోసం ఒదిగింది. వారు బరిలో నిలిచారు కాబట్టే ఒదిగింది.

ఇక మీ బాపు సంగతి. ఇంటి ఓటుకు వయసు చూసేది ఓటర్ల జాబితాలో రాసి ఉన్న దాన్ని బట్టే. ఆ తరం వాళ్లకు పుట్టిన తేదీ ఎవరు రాసి పెట్టారు? వచ్చిన ఉద్యోగి ముఖం చూసి ఒక అంకె వేసుకుని వెళ్లేవాడు. ఆధార్‌లో ఒకటి, పింఛను పుస్తకంలో ఒకటి, జాబితాలో ఒకటి ఉండటం మామూలే. జాబితాలో తప్పుంటే, చూపడానికి సరైన పత్రం ఉంటే, ఫారం 8 పెట్టి సరిచేయించండి. లేని వయసు మాత్రం వేయించకండి. ఈ పని ఎన్నికలు లేని రోజుల్లోనే చేయాలి. ఆయన మోకాళ్లు మరీ పాడై ఉంటే వైకల్యం నిర్ధారించే వైద్య శిబిరంలో చూపించండి. 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే వయసుతో పని లేకుండానే ఇంటి ఓటు అడగవచ్చు. దేనికైనా ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా ఇంటి ఓటు కోరే ఫారం 12డి ఇవ్వాలి. బూత్ స్థాయి అధికారి తెచ్చేదాకా చూడకండి, మీరే అడిగి తీసుకుని, ఇచ్చినట్టు రసీదు రాయించుకోండి. ఒకసారి ఇంటి ఓటు మంజూరైతే మళ్లీ బూత్‌కు వెళ్లి వేయడానికి వీలుండదు, అదీ ఆయనకు ముందే చెప్పండి. ఈలోగా బూత్‌కు వెళ్లవలసి వస్తే చక్రాల కుర్చీ అడగండి. చేయి వణికి మీట నొక్కలేకపోతే తోడుగా ఒకరు లోపలికి వెళ్లడానికి నియమం ఒప్పుకుంటుంది.

ఇంకొకటి, ఇది మీరు తప్పకుండా చేయాలని నా కోరిక. మీ బాపు పేరు మీద జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు, ఒక ఉత్తరం రాయండి. ఆయన చెబుతుంటే మీరు రాయండి. 2023లో ఇంటికి వచ్చి ఓటు వేయించుకున్నారు, 2024లో రామని ఎవరూ చెప్పలేదు, నాలుగు రోజులు ఎదురుచూశాను, ఓటు పోయింది. ఇక ముందు ఓటు నియమం ఏది మారినా గ్రామ పంచాయతీ చేత చాటింపు వేయించాలి, మారిన నియమం తగిలేవారి ఇంటికి కబురు పంపాలి. ఇంతే, ఒక పేజీ చాలు. అట్టతో చేసిన మరుగు వెనుక కూర్చుని, గుర్తు పెట్టి, చిన్న కవరులో పెట్టి, దాన్ని పెద్ద కవరులో పెట్టి, జిగురు అంటించి ఇచ్చిన రోజును కూడా అందులో రాయించండి. అలా ఓటు వేయించుకోవడం ఎంత గౌరవంగా అనిపించిందో ఆయన మాటల్లోనే రానివ్వండి. కార్యాలయంలో నెలకు వందల అర్జీలు వస్తాయి, వాటిలో ఇలాంటిది ఒకటి ఉండాలి. అడుగున ఆయన సంతకం పెట్టించండి. నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి.

అసెంబ్లీ ఎన్నికలు 2028లో రావాలి. అప్పటికి మీ బాపుకు 85 దాటి ఉంటాయి. ఈ లోపల నియమం మళ్లీ మారదని నేను మాట ఇవ్వలేను. మారితే మాత్రం ఈసారి ఆ కబురు గెజెట్ నుంచి మీ అరుగు దాకా మీరే తీసుకురావాలి. వచ్చే ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు జాబితాలో ఆయన వయసు ఎంతని ఉందో చూసి నాకు రాయండి. తేడా ఉంటే ఫారం 8 ఎలా నింపాలో వచ్చే వారం చెబుతాను.